వానొస్తే గేటు ముందు మురుగు పొంగుతోంది: జలమండలికి చెప్పాలా, జీహెచ్‌ఎంసీకి చెప్పాలా?

అత్తాపూర్_24:

హైదరాబాద్ అత్తాపూర్‌లో స్టిల్ట్ (కింద పార్కింగ్) మీద ఐదంతస్తులు, మొత్తం 24 ఫ్లాట్లు ఉన్న అపార్ట్‌మెంట్ కమిటీ తరఫున అడుగుతున్నాను. ఏ పని ఏ ఆఫీసుదో తేలక అన్నీ ఆగిపోయి ఉన్నాయి. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

గట్టి వాన పడితే గేటు ముందున్న మ్యాన్‌హోల్ పొంగి మురుగు పార్కింగ్‌లోకి వస్తోంది. ఎండ రోజుల్లో చుక్క కూడా బయటికి రాదు. పక్కనే బండలు కప్పిన వాననీటి మోరీ కూడా ఉంది. ఒకచోట ఫిర్యాదు పెడితే ‘మా పరిధి కాదు’ అని మూసేశారు.

ఇక నీళ్ల బిల్లు. ఫ్లాటుకి నెలకి 20 కిలోలీటర్లు ఉచితం అంటే మాకు 480 రావాలి. బిల్లులో 340 మాత్రమే తీసేసి మిగతాదానికి డబ్బులు వేస్తున్నారు.

గల్లీలో ఒక వరస వీధి దీపాలు రాత్రి వెలగడం లేదు. పక్క గల్లీలో అవే దీపాలు పగలంతా వెలుగుతున్నాయి.

చివరిగా చెత్త. 2026 ఏప్రిల్ నుంచి నాలుగు డబ్బాలు పెట్టాలంటున్నారు. అపార్ట్‌మెంట్లయితే తడి చెత్తను లోపలే ఎరువు చేసుకోవాలని కూడా ఎవరో చెప్పారు. మాకు అది వర్తిస్తుందా?


గల్లీ_ఇంజనీర్:

మురుగు సంగతి ముందు చెప్తాను, అదే అర్జంటు.

ఇళ్లలోంచి వచ్చే మురుగు లైను, దాని మ్యాన్‌హోళ్లు జలమండలివి, అంటే నగరంలో మంచినీళ్లు, మురుగు చూసే బోర్డువి. వాననీటి మోరీలు, నాలాలు జీహెచ్‌ఎంసీవి, అంటే నగర కార్పొరేషన్‌వి. శివారు సర్కిళ్లలో మురుగు లైన్ల నిర్వహణ 2021 దాకా జీహెచ్‌ఎంసీ చేతిలోనే ఉండేది, తర్వాత జలమండలికి వెళ్లింది. పాత కాలనీవాళ్లు ఇప్పటికీ అలవాటుకొద్దీ కార్పొరేషన్‌కే ఫోన్ చేయడం దానివల్లే. మీది గేటు ముందు గుండ్రటి మూత ఉన్న మ్యాన్‌హోల్ అయితే నేరుగా జలమండలి 155313కి చేయండి. బండలు కప్పిన మోరీ పూడిపోతే జీహెచ్‌ఎంసీ 040-21111111, లేదా వాళ్ల మొబైల్ యాప్.

ఫోన్ చేసే ముందు అడ్డు ఎక్కడుందో చూసుకోండి. మీ ఆవరణలో, ప్రహరీ లోపల, రోడ్డు లైనులో కలిసే ముందు ఆఖరి చాంబర్ ఒకటి ఉంటుంది. పొంగుతున్నప్పుడు దాని మూత తీసి చూడండి. అది నిండి ఉండి, రోడ్డు మ్యాన్‌హోల్ పొంగకుండా మామూలుగా ఉంటే అడ్డు మీ 6 అంగుళాల కనెక్షన్ పైపులో ఉన్నట్టు. అది మీ ప్లంబర్ పని. అది నిండి, రోడ్డు మ్యాన్‌హోల్ కూడా పొంగుతోంటే అడ్డు రోడ్డు లైనులోనే ఉంది. పల్లం వైపున్న తర్వాతి మ్యాన్‌హోల్ దగ్గర కూడా పొంగుతోందేమో చూడండి. పొంగుతోంటే ఇంకా కింద పెద్ద లైను నిండిపోయిందని అర్థం. అక్కడ పొంగకుండా మీ దగ్గర మాత్రమే పొంగుతోంటే రెండు మ్యాన్‌హోళ్ల మధ్యే అడ్డుంది. ఈ ఒక్క ముక్క ఫిర్యాదులో రాస్తే వచ్చేవాళ్లు జెట్టింగ్ మిషన్ (నీటి ధారతో పూడిక తీసేది) ఎక్కడ పెట్టాలో తెలిసే వస్తారు.

రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత మాత్రం మీరు తీయకండి, వాచ్‌మన్‌తోనూ తీయించకండి. నీళ్లు తొందరగా పోతాయని వానలో మూత ఎత్తేసే అలవాటు మన ఊళ్లో చాలా ఉంది. నీళ్ల కింద ఆ గొయ్యి కనిపించక మనుషులు పడిపోయారు. 1989 నాటి జలమండలి చట్టం కింద అది నేరం కూడా. పైగా రోడ్డు మీది ఇసుక, ప్లాస్టిక్ అంతా లైనులోకి పోయి తర్వాతి వానకి ఇంకా ముందే పొంగుతుంది.

ఫిర్యాదులో అపార్ట్‌మెంట్ క్యాన్ నంబరు (నీళ్ల బిల్లు మీద ఉండే ఖాతా నంబరు), గేటుకి మ్యాన్‌హోల్ ఎటువైపు ఎంత దూరం, వాన ఆగాక ఎంతసేపటికి తగ్గుతోంది, లోపలి చాంబర్ పరిస్థితి, ఈ నాలుగూ ఉండాలి. పొంగుతున్నప్పుడు తీసిన ఫొటో దాచుకోండి. ఎండలో తీసిన ఫొటో చూపిస్తే ‘అంతా బాగుంది’ అని మూసేస్తారు. పని కాకుండా మూసేస్తే పాత ఫిర్యాదు నంబరు రాసి మళ్లీ పెట్టండి. సెక్షన్ మేనేజర్, ఆయన పైన డీజీఎం, ఆ పైన డివిజన్ జీఎం, ఈ వరసలో వెళ్లాలి. నేరుగా పైకి వెళ్లినా కాగితం తిరిగి సెక్షన్ మేనేజర్ దగ్గరికే వస్తుంది.

ఇంకొకటి. జెట్టింగ్ చేశాక లోపల్నుంచి తీసిన పూడికను రోడ్డు పక్కన కుప్పగా వదిలేస్తే అదే రోజు ఎత్తించమని అడగండి. ఆరేదాకా ఉంచితే వాన రాగానే అదంతా మళ్లీ లైనులోకే.


ఇంకుడుగుంత:

పైన చెప్పినదంతా సరైనదే. కానీ ప్రశ్నలోని ముఖ్యమైన మాట ‘ఎండ రోజుల్లో చుక్క కూడా రాదు’ అన్నది. అడ్డు ఉన్న లైను ఎండలో కూడా, పొద్దున అందరూ స్నానాలు చేసే వేళ కొంతైనా పొంగుతుంది. వానలో మాత్రమే పొంగుతోందంటే వాననీళ్లు మురుగు లైనులోకి వస్తున్నాయని మొదట అనుమానించాలి. మీ టెర్రస్ పైపులు ఎక్కడ కలిశాయో చూశారా?

లెక్క వేసుకోండి. 24 ఫ్లాట్లలో సుమారు 96 మంది. మనిషికి రోజుకి 135 లీటర్లు, అందులో 80 శాతం మురుగైతే రోజు మొత్తానికి 10,400 లీటర్లు. టెర్రస్ 5,000 చదరపు అడుగులు అనుకుందాం, అంటే దాదాపు 465 చదరపు మీటర్లు. 50 మిల్లీమీటర్ల వాన పడితే దాని మీద 23,000 లీటర్లకు పైగా పడతాయి. మీరందరూ రెండు రోజులు వదిలే మురుగు కంటే ఎక్కువ నీళ్లు గంట, రెండు గంటల్లో అదే 6 అంగుళాల పైపులోంచి పోవాలి. గల్లీలో పది భవనాలు ఇలాగే కలిపితే ఏ లైనూ తట్టుకోదు. పల్లంలో ఉన్నవాళ్ల బాత్‌రూముల్లోంచి మురుగు పైకి తంతుంది. నా దృష్టిలో టెర్రస్ పైపును మురుగు లైనులో కలపడం గల్లీవాళ్లందరికీ చేసే అన్యాయం. ఎవరో పెద్దలు వచ్చి చేయాల్సిన పని కూడా కాదిది, ఎవరి ఇంట్లో వాళ్లు సరిచేసుకోవచ్చు.

పరీక్ష తేలిక. ఎండగా ఉన్న రోజు మధ్యాహ్నం, వాడకం తక్కువ ఉన్నప్పుడు, హోలీ రంగు కలిపిన నీళ్లు రెండు మూడు బకెట్లు టెర్రస్ పైపు నోట్లో పోయండి. కింద ఆఖరి చాంబర్ మూత తీసి చూడండి. రంగు అక్కడ కనిపిస్తే ఆ పైపు మురుగులో కలిసినట్టే. పైపులు ఎన్ని ఉంటే అన్నిటికీ విడివిడిగా చేయాలి. నాలుగు బాగుండి ఒక్కటి తప్పుగా ఉండడం చాలా చోట్ల ఉంటుంది, సాధారణంగా అది వెనక డక్ట్‌లో (పైపులు దిగే సందులో) దిగే పైపే.

సరిచేయడానికి ఆ పైపుల్ని కిందికి దిగిన చోట కోసి ఇంకుడు గుంతకు తిప్పాలి. గుంత 6 అడుగుల పొడవు, 6 వెడల్పు, 6 లోతు అయితే 216 ఘనపుటడుగులు. కంకర నింపాక ఖాళీ 40 శాతమే కాబట్టి ఒకసారికి పట్టేది 2,400 లీటర్ల చిల్లరే. మిగతాది ఎంత వేగంగా ఇంకుతుందన్నది మీ నేలను బట్టి ఉంటుంది. రాతి నేల అయితే గుంత మధ్యలో ఇంకుడు బోరు కూడా వేయించాలి. ఏం చేసినా పెద్ద వానకి నిండిపోతుంది, అందుకే గుంత పైభాగంలో ఓవర్‌ఫ్లో పైపు పెట్టి వాననీటి మోరీలోకి వదలాలి, మురుగు చాంబర్‌లోకి కాదు. ఈ ఆఖరి పైపు దగ్గరే మేస్త్రీలు దగ్గరి దారి చూసుకుని మురుగులో కలిపేస్తారు. దగ్గరుండి చేయించుకోండి.

గుంతకి ముందు 2 అడుగుల చదరపు మట్టి చాంబర్ ఒకటి తప్పనిసరి. టెర్రస్ మీది దుమ్ము, ఆకులు, సున్నం పెచ్చులు అందులో ఆగుతాయి. అది లేకపోతే మట్టంతా కంకర సందుల్లో కూరుకుపోయి గుంత ఇంకడం మానేస్తుంది. అప్పుడు కంకర మొత్తం తీసి కడగాల్సిందే. ప్రతి మే నెలలో, వానలకి ముందు, చాంబర్ ఖాళీ చేయించండి.


గల్లీ_ఇంజనీర్:

నిజమే, టెర్రస్ పైపుల సంగతి నేను ముందే అడగాల్సిన ప్రశ్న. అయితే రెండూ కలిసి ఉండొచ్చు. లైనులో సగం గ్రీజు, పూడిక పేరుకుని ఉంటే రోజువారీ మురుగు ఎలాగోలా పోతుంది, వాననీళ్లు కలిస్తే పొంగుతుంది. అందుకని రంగు పరీక్షా చేయండి, ఫిర్యాదూ పెట్టండి.

ఇంకో ప్రమాదం చెప్పాలి. మీ సంపు ఓవర్‌ఫ్లో పైపు మురుగు చాంబర్‌లో కలిపి ఉందేమో చూడండి. ఉంటే, చాంబర్ నిండినప్పుడు మురుగు ఆ పైపులోంచే సంపులోకి వెనక్కి వస్తుంది. తాగే నీళ్లు పాడవడానికి చాలా అపార్ట్‌మెంట్లలో కారణం వీధి పైపు కాదు, ఇదే. ఆ పైపును వెంటనే తీసేసి గోడ బయటికి కనిపించేలా, నేలకి అడుగు ఎత్తున వదలండి. ఇప్పటికే మురుగు వచ్చిందన్న అనుమానం ఉంటే సంపు ఖాళీ చేసి, గోడలు రుద్ది కడిగి, ఆ నీళ్లూ తోడేసి నింపండి. మనిషిని ఒంటరిగా దింపకండి, మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి, పైన ఇద్దరు ఉండాలి. నింపాక 1,000 లీటర్లకి 2.5 గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడర్ బకెట్ నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయాలి. గంట ఆగి వాడుకోండి. పాత ప్యాకెట్ పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోయి ఉంటుంది, ఘాటు వాసన లేకపోతే వాడకండి.

పార్కింగ్ రోడ్డుకంటే పల్లంగా ఉంటే కనెక్షన్ పైపుకి నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించుకోవచ్చు. బయటి మురుగు లోపలికి రాకుండా ఆపుతుంది. కానీ అది మూసుకున్నంతసేపు మీ మురుగు కూడా బయటికి పోదు, ఆ టైములో నీళ్లు తక్కువ వాడాలి. గుడ్డపేలికో ప్యాడో ఇరుక్కుంటే మూత సగంలో ఆగి పనిచేయదు. పైన చాంబర్ కట్టి చేయి పెట్టి శుభ్రం చేసేలా ఉంచుకోవాలి.


క్యాన్_నంబరు:

నీళ్ల బిల్లు లెక్క నేను చెప్తాను. 340ని 20తో భాగిస్తే 17. అంటే మీ 24 ఫ్లాట్లలో 17 మాత్రమే పథకంలో నమోదయ్యాయి, 7 కాలేదు. 2021 జనవరిలో మొదలైన ఈ పథకంలో అపార్ట్‌మెంట్ మొత్తానికి క్యాన్ ఒకటే అయినా ఉచితం మాత్రం నమోదైన ఫ్లాట్ల సంఖ్యని బట్టే వస్తుంది. ప్రతి ఫ్లాటు ఓనరు తన ఆధార్‌ను, ఇంటి పన్ను పీటీఐఎన్ నంబరుతో కలిపి ఆ క్యాన్‌కి జోడించుకోవాలి.

ఆ 7 ఎందుకు కాలేదో చూస్తే సాధారణంగా మూడు కారణాలు ఉంటాయి. ఓనరు ఊళ్లో లేడు, ఓటీపీ వెళ్లే ఫోన్ నంబరు పాతది. లేదా ఫ్లాటు అమ్ముడుపోయి పన్ను రికార్డులో పాత ఓనరు పేరే ఉంది. మూడోది, ఆ ఫ్లాటుకి అసలు విడిగా పీటీఐఎన్ లేదు, బిల్డర్ పేరు మీద ఉమ్మడిగా ఒకటే ఉంది. మొదటిది ఆధార్ కేంద్రంలో ఫోన్ నంబరు మార్పిస్తే తీరుతుంది. రెండోదానికి రిజిస్ట్రేషన్ కాగితాలతో పన్ను రికార్డులో పేరు మార్పు, మూడోదానికి విడి అసెస్‌మెంట్, రెండూ జీహెచ్‌ఎంసీ సర్కిల్ ఆఫీసు రెవెన్యూ సెక్షన్‌లో. అది పూర్తికాకుండా జలమండలి ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్లినా లాభం ఉండదు.

కమిటీలో గొడవ రాకుండా ఒక సూచన. అదనపు బిల్లును 24 ఫ్లాట్లకీ సమానంగా పంచకండి. నమోదు చేసుకోని 7 ఫ్లాట్లవల్లే 140 కిలోలీటర్లకి డబ్బు కట్టాల్సి వస్తోంది, అది వాళ్ల మీదే వేయండి. నమోదు దానంతటదే తొందరగా జరుగుతుంది.

మీటరు నడుస్తోందో లేదో కూడా చూసుకోండి. మీటరు ఆగిపోతే ఉచితం వర్తించదు. రాత్రి సంపులోకి వెళ్లే వాల్వ్ కట్టేసి మీటరు చూడండి. అయినా తిరుగుతోంటే మీటరుకీ వాల్వ్‌కీ మధ్య లీకు ఉంది. వాల్వ్ తీసి ఉండగా, సంపు నిండాక కూడా తిరుగుతోంటే ఫ్లోట్ వాల్వ్ ఆగడం లేదు. పైన చెప్పినట్టు ఓవర్‌ఫ్లో పైపు మురుగులో కలిసి ఉంటే ఆ నీళ్లు పోతున్నట్టు ఎవరికీ కనిపించదు, బిల్లులోనే తెలుస్తుంది.


అత్తాపూర్_24:

అందరికీ ధన్యవాదాలు. 7 ఫ్లాట్లలో 4 చేతులు మారినవే, కారణం అదే అయి ఉంటుంది. పేరు మార్చేటప్పుడు పన్ను పెంచేస్తారేమోనని కొందరు భయపడుతున్నారు. పన్ను ఎలా లెక్కిస్తారు? పాత రసీదుల్లో ఉన్న వార్డు నంబరుతో ఇప్పుడు పని జరుగుతుందా?


పన్ను_లెక్క:

నివాస భవనానికి సూత్రం ఇది: ప్లింత్ ఏరియా (కట్టిన విస్తీర్ణం) చదరపు అడుగుల్లో, దాన్ని ఆ ప్రాంతానికి నిర్ణయించిన చదరపు అడుగు నెల అద్దె విలువతో గుణించి, 12తో గుణించాలి. వచ్చినదానికి శ్లాబు శాతం. నెల అద్దె విలువ 300 రూపాయలు దాటితే 30 శాతం, ఇప్పటి ఫ్లాట్లన్నీ దాదాపు ఇందులోకే వస్తాయి. అందులోంచి 10 శాతం తరుగుదల తీసేసి, 8 శాతం గ్రంథాలయ సెస్సు కలపాలి.

ఉదాహరణకి 1,000 చదరపు అడుగులు, అడుగుకి 1.25 రూపాయలు అనుకుంటే నెలకి 1,250, ఏడాదికి 15,000. 30 శాతం 4,500. తరుగుదల పోగా 4,050. సెస్సు 324 కలిపి 4,374 రూపాయలు. మీ రసీదులోని ఏరియా, అద్దె విలువ పెట్టి చూసుకోండి. ఏరియాలో బాల్కనీ, కారు షెడ్డు కూడా కలుస్తాయి, రిజిస్ట్రేషన్ పత్రంతో తేడా వచ్చేది అక్కడే. ఏరియా, వాడకం మారకుండా ఓనరు పేరు మాత్రమే మారితే ఈ సూత్రంలో ఒక్క అంకె కూడా మారదు. భయపడాల్సింది ఫ్లాటులో ఆఫీసో ట్యూషన్ సెంటరో నడిపేవాళ్లు, వాణిజ్య లెక్క వేరే.

పాత బకాయి ఉంటే నెలకి 2 శాతం వడ్డీ పడుతుంది, ముందు అది తేల్చుకోండి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కడితే ఆ ఏడాది పన్ను మీద 5 శాతం తగ్గింపు ఉంటుంది, పాత బకాయికి ఉండదు. పై ఉదాహరణలో అది దాదాపు 219 రూపాయలు.

వార్డు సంగతి: 2025 డిసెంబర్‌లో చుట్టుపక్కల 27 పురపాలికలను కలిపాక అప్పట్లో వార్డులు 150 నుంచి 300 చేశారు, సర్కిళ్లు, జోన్లు కూడా మారాయి. పాత రసీదు మీది వార్డు నంబరు చూసుకుని వెళ్తే వేరే ఆఫీసుకి చేరతారు. అర్జీలో పీటీఐఎన్, పూర్తి ఇంటి నంబరు రాయండి, సర్కిల్ ఏదో ముందు కాల్ సెంటర్‌లో అడిగి బయల్దేరండి. సోమవారం ప్రజావాణిలో (అధికారులు అర్జీలు తీసుకునే కార్యక్రమంలో) ఇచ్చే అర్జీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఇచ్చిన కాగితం నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.


స్తంభం_నంబరు:

వీధి దీపాలు జీహెచ్‌ఎంసీ ఎలక్ట్రికల్ విభాగం. ఒక్క దీపం పోతే ఫిటింగ్ పాడైనట్టు. వరసంతా పోతే దీపాల తప్పు కాదు, ఆ లైనుకి కరెంటు ఇచ్చే కంట్రోల్ బాక్సులో లోపం. పక్క గల్లీలో పగలు వెలగడం కూడా బాక్సు లోపమే, టైమరు పనిచేయక ఎవరో నేరుగా కలిపి ఉంటారు. కాబట్టి ‘లైట్లు రావట్లేదు’ అని కాకుండా ‘ఫలానా స్తంభం నంబరు నుంచి ఫలానా నంబరు దాకా వరస మొత్తం ఆగింది, కంట్రోల్ బాక్సు చూడండి’ అని రాయండి. లేకపోతే నిచ్చెన, ఒక బల్బుతో వచ్చి వెళ్లిపోతారు. వైరు తెగి వేలాడుతున్నా, స్తంభం ముట్టుకుంటే షాక్ కొట్టినా అది విద్యుత్ సంస్థ 1912కి, ఆ క్షణంలోనే. తడిలో ఆ స్తంభం దగ్గరికి పిల్లల్ని పోనివ్వకండి.


తడి_పొడి:

చెత్త ప్రశ్న మిగిలింది. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో నాలుగు రకాలు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. డైపర్లు, ప్యాడ్లు కాగితంలో గట్టిగా చుట్టి మూడో డబ్బాలో. పెయింటు డబ్బాలు, ట్యూబ్‌లైట్లు, థర్మామీటర్లు, గడువు తీరిన మందులు నాలుగో దాంట్లో. ఇది ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

తడి చెత్తను లోపలే శుద్ధి చేసుకునే బాధ్యత భారీగా చెత్త వచ్చే సముదాయాలది. భవన విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, లేదా నీటి వాడకం రోజుకి 40,000 లీటర్లు, లేదా చెత్త రోజుకి 100 కిలోలు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కోవలోకి వస్తారు. మీ వాడకం నెలకి 480 కిలోలీటర్లు అనుకున్నా రోజుకి 16,000 లీటర్లు. చెత్త మనిషికి అర కిలో చొప్పున 48 కిలోలు. విస్తీర్ణం దరిదాపుల్లో కూడా లేదు. కాబట్టి మీకు ఆ బాధ్యత లేదు, వేరు చేసి స్వచ్ఛ ఆటోకి (చెత్త తీసుకెళ్లే బండికి) ఇస్తే చాలు.

ఆటో రోజూ వచ్చే టైము కంటే ముందే డబ్బాలు గేటు దగ్గర ఉండాలి, పైనుంచి తెచ్చేదాకా ఆగమంటే డ్రైవర్ ఆగలేడు, వాళ్లకి ఇళ్లు చాలా ఉంటాయి. ఆటోలో తడికీ పొడికీ విడి అరలు ఉన్నాయో లేదో చూడండి. మీరు వేరు చేసి ఇచ్చింది అక్కడ కలిపేస్తుంటే వార్డు శానిటేషన్ సిబ్బందికి చెప్పండి, వినకపోతే సర్కిల్‌లో ఏఎంఓహెచ్‌కి (ఆరోగ్య, పారిశుధ్య విభాగం అధికారికి) రాతపూర్వకంగా. ఇంటి మరమ్మతుల సిమెంటు పెచ్చులు, టైల్ ముక్కలు ఈ ఆటోలో వేయకండి. దానికి విడిగా బండి పిలిపించుకోవాలి. గల్లీ చివర మోరీ పక్కన పోస్తే వానకి కొట్టుకుపోయి మోరీ పూడుతుంది, మీ మొదటి ప్రశ్నలోని పొంగు ఇంకా పెరుగుతుంది.


అత్తాపూర్_24:

రంగు పరీక్ష ఆదివారం పెట్టుకుంటున్నాం. ఒక సందేహం: టెర్రస్ పైపు, బాత్‌రూము పైపు డక్ట్‌లో పైనే ఎక్కడో కలిసిపోయి ఒకే పైపుగా దిగుతుంటే?


ఇంకుడుగుంత:

అప్పుడు కింద కోసి లాభం లేదు, మురుగు కూడా గుంతలోకి వస్తుంది, భూగర్భ జలం పాడవుతుంది. టెర్రస్ మీద ఆ పైపు నోరు సిమెంటుతో మూసేసి, వాలు మార్చి, పిట్టగోడకి రంధ్రం చేసి బయటి గోడ మీదుగా కొత్తగా 4 అంగుళాల పీవీసీ పైపు దింపండి. టెర్రస్ ప్రతి 1,000 చదరపు అడుగులకి ఒక పైపు చొప్పున ఉంటే నీళ్లు నిలవవు. మురుగు పైపుకి గాలి పోయే గొట్టం టెర్రస్ పైదాకా ఉంటుంది, పొరపాటున దాన్ని మూసేయకండి. మూస్తే బాత్‌రూముల్లో వాసన రాకుండా ఆపే ట్రాప్ నీళ్లు లాగేసి ఇల్లంతా వాసన వస్తుంది. రెండిట్లో ఏది ఏదో తెలియాలంటే చూడండి: నేలకి సమంగా జాలీతో ఉన్నది వాననీటిది, నేలపైకి నిలబడి టోపీతో ఉన్నది గాలి గొట్టం.